బోర్డులో పట్టని రెండు లైన్లు

అమీర్‌పేటలో చదువు అమ్ముతారు. ఇందులో దాపరికమేమీ లేదు. మిర్చి బజ్జీల బండి వెనకాల, చెప్పుల కొట్టు పైన, లిఫ్టు పనిచేయని మేడల మూడో అంతస్తులో అమ్ముతారు. కొనేవాళ్ళు చుట్టుపక్కల హాస్టళ్ళ నుంచి నడిచి వస్తారు. అమ్మేవాడికి సంస్థ పేరు కంటే సొంత పేరే పెద్దది. "సి లాంగ్వేజి ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగితే సంస్థ పేరు ఎవరూ చెప్పరు. "రఘురామ్ సార్ దగ్గర" అంటారు.

రెండువేల ఒకటిలో రఘురామ్ సార్ హాలులో కుర్చీలకు రెట్టింపు పిల్లలు ఉండేవారు. కూర్చున్నవాళ్ళు కూర్చోగా మిగిలినవాళ్ళు గోడలకు ఆనుకుని, ఇంకా మిగిలినవాళ్ళు వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని రాసుకునేవారు. ప్రోగ్రాము బోర్డు మీద ఒకేసారి పట్టాలి. సగం రాసి తుడిస్తే వెనకవాళ్ళు "సార్, రాసుకోలే!" అని గోల చేస్తారు. అందుకని బోర్డు ఎంతో ప్రోగ్రామూ అంతే. రాసుకున్నది రాసుకున్నట్టు కింద జిరాక్స్ కొట్లో దొరికేది. అది చదివి ఇంటర్వ్యూకి వెళ్ళేవారు. ఇంటర్వ్యూ చేసేవాడు కూడా అదే చదివి ఉండేవాడు. ప్రశ్న అందులోదే, జవాబూ అందులోదే. ఇంత సుఖమైన ఏర్పాటు ఇంకో ఊళ్ళో ఉండదు.

మానస అక్కడే చదివింది. ఇల్లు సనత్‌నగర్. తండ్రి రాజనర్సయ్య అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేతు మిషను నడిపేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక షెడ్డుకు కాపలా ఉంటున్నాడు. మానస ఎంసీఏ అయ్యాక సార్ దగ్గర సి నేర్చుకుని పంజాగుట్టలో ఒక కంపెనీలో చేరింది. కంపెనీ అంటే ఒక ఫ్లాటు. హాలులో నలుగురు ప్రోగ్రామర్లు, బెడ్‌రూములో మేనేజరు కృష్ణమోహన్, వంటగదిలో వెబ్ సర్వరు. మేనేజరుతో సహా అందరూ రఘురామ్ సార్ శిష్యులే.

వాళ్ళకు దొరికిన పెద్ద గిరాకీ బంజారా హిల్స్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబు. రిపోర్టు కోసం ఎవరూ వచ్చి వరసలో నిలబడనక్కరలేదు. ఏ నెట్ సెంటరులోనో కూర్చుని పాస్‌వర్డు, పేరు కొడితే తెర మీదికి వస్తుంది. అప్పట్లో అది గొప్ప. ఆ పేజీ వెనకాల సర్వరులో పనిచేసే ప్రోగ్రాము మానస రాసింది. జావాలో రాద్దామని మొదట అడిగింది. వంటగదిలో ఉన్నది ముసలి మిషను, జావా ఎక్కిస్తే మూలుగుతుంది, సి అయితే పరిగెత్తుతుంది అన్నాడు కృష్ణమోహన్. సరేనని సి లోనే రాసింది. సార్ బోర్డు మీద రాసినట్టే రాసింది. కృష్ణమోహన్ సరిచూశాడు. సరిచూడటమంటే, బోర్డు మీద ఉన్నట్టే ఉందా లేదా అని చూడటం. ఉంది. పంపించేశాడు.

ఇక తప్పు సంగతి. కంప్యూటరు మెమరీలో గదులు పక్కపక్కనే ఉంటాయి. పేరు కోసం మానస ఇరవై అక్షరాల గది కట్టింది. దాన్ని ఆనుకుని ఉన్న గదిలో, చూపించాల్సిన రిపోర్టు నెంబరు ఉంది. ఇరవై ఒకటో అక్షరం వస్తే ఏం చేయాలన్నది ప్రోగ్రాములో లేదు. కొన్ని భాషలు అలాంటప్పుడు గది నిండిందని చెప్పి ఆగిపోతాయి. జావా అలాంటిది. సి ఆగదు. దానికి అడ్డుచెప్పే అలవాటు లేదు. మిగిలిన అక్షరాలను తీసుకెళ్ళి పక్క గదిలో ఉన్నదాని మీదే రాసేస్తుంది. అంటే ఎవడైనా తన సొంత పాస్‌వర్డుతో దర్జాగా లోపలికి వచ్చి, పేరు అడిగినచోట ఇరవై పిచ్చి అక్షరాలు కొట్టి, వాటి వెనకే ఇంకొకరి రిపోర్టు నెంబరు కొడితే చాలు. వాళ్ళ రక్తం సంగతంతా వీడి తెర మీద ఉంటుంది. తాళం పగలగొట్టే పనే లేదు.

ఎవడో కొట్టాడు. ఎవడన్నది తేలలేదు. కృష్ణానగర్‌లో ఉండే సుమశ్రీ అనే జూనియర్ ఆర్టిస్టు రక్తపరీక్ష ఫలితం ఆమె చూసుకోకముందే షూటింగులో చేతులు మారింది. రెండో రోజు ఆమెను రావద్దన్నారు. ఆమె తిన్నగా ల్యాబుకు వచ్చి అందరి ముందూ నిలదీసింది. ల్యాబు నడిపే ఛాయాదేవి పంజాగుట్టకు ఫోను చేసింది. "ఎలా జరిగిందో, ఎవరు చేశారో చెప్పండి. చెప్పలేకపోతే కాంట్రాక్టు మర్చిపోండి" అని పెట్టేసింది.

కృష్ణమోహన్ మానసను బెడ్‌రూములోకి, అంటే ఆఫీసు గదిలోకి, పిలిచాడు.

"కూర్చోమ్మా. నువ్వు మంచి వర్కర్‌వి. నేను కాదన్లేదు. కానీ క్లయింటుకి ఒక పేరు కావాలి. నువ్వు రాజీనామా ఇచ్చేయ్. సొంత కారణాలు అని రాయి చాలు. రిలీవింగ్ లెటరు నేను మంచిదే ఇస్తా."

"ఇయ్యకపోతే సార్?"

"ఇవ్వకపోతే తీసెయ్యాల్సొస్తుంది. నిర్లక్ష్యం అని రాయాల్సొస్తుంది. ఆ ముక్క కాయితం మీద పడ్డాక ఈ ఊళ్ళో నీకు ఉద్యోగం ఎవరిస్తారు చెప్పు? మేనేజర్లమంతా ఒకళ్ళకొకళ్ళం తెలిసినవాళ్ళమే కదా."

"మీరే గద సార్ చూసి సరే అన్నది."

"చూశా. బాగానే ఉంది. బాగున్నదాన్ని ఎందుకు ఆపుతా?"

"బాగుంటే నన్నెందుకు తీస్తున్నరు?"

కృష్ణమోహన్‌కి ఈ ప్రశ్న నచ్చలేదు. "సోమవారానికి లెటరు నా టేబులు మీదుండాలి" అన్నాడు.

మానస అక్కడి నుంచి అమీర్‌పేట వెళ్ళింది. రఘురామ్ సార్ ఒక మాట చెబితే కృష్ణమోహన్ కాదనలేడు. ఆ నమ్మకంతోనే వెళ్ళింది. సార్ రెండు బ్యాచుల మధ్య ఖాళీ హాలులో టీ తాగుతున్నాడు. గోడ అవతలి సంస్థలో జావా డెమో నడుస్తోంది. డెమో అంటే ఊరికే వినిపించే మొదటి క్లాసు. నచ్చితే చేరతారు. "సి లో గది దాటిపోయినా అడిగేవాడుండడు! జావాలో తప్పు చేద్దామన్నా చెయ్యనివ్వదు!" అని మైకులో కేకలు, వెనకే చప్పట్లు.

"ఏంటమ్మా మానసా, పంజాగుట్టలోనేగా పనిచేస్తున్నావు? చిక్కిపోయావేంటి?" అన్నాడు సార్.

మానస జరిగిందంతా, తప్పు ఎక్కడుందో తను వెతికి పట్టుకున్న సంగతితో సహా చెప్పింది. "ఇరవై దాటితే ఆపాలె అని మీరు చెప్పనే లేదు సార్" అంది చివరికి.

"చెప్పానమ్మా! మొదటి ఏడు చెప్పా. రెండే లైన్లు. పొడుగెంతో కొలువు, ఎక్కువైతే వెనక్కి పంపు. బోర్డు అడుగున రాసేవాణ్ణి. ముందు వరస వాళ్ళ తలకాయలు అడ్డమొచ్చి వెనకవాళ్ళకి కనపడేది కాదు. ఒకటే గోల. సరే, ఇవి తర్వాత చెబుతాలే అని తుడిచేశా."

"తర్వాత?"

"తర్వాత పాయింటర్ల పాఠం మొదలెట్టా."

మానసకు నవ్వు రాలేదు. "మా మేనేజర్‌కు ఒక ఫోన్ జేసి ఇదే ముచ్చట చెప్పుండ్రి సార్. ప్రోగ్రాము నాది, ఆ రెండు లైన్లు నేనే వదిలేసిన, పిల్లది ఒక్కదాని తప్పు కాదు అనుండ్రి. గంతే. మీ మాట ఇంటడు."

సార్ గోడ వైపు చూశాడు. అవతల మళ్ళీ చప్పట్లు. "ఎల్లుండి నాకు కొత్త బ్యాచ్ డెమో ఉందమ్మా. ఈ మాట నా నోట్లోంచి వచ్చిందంటే అవతలోడు రేపే మైకులో చదువుతాడు" అన్నాడు. తర్వాత ఏదో తోచినట్టు లేచాడు. పొద్దున రాసిన ప్రోగ్రాము బోర్డు మీద ఇంకా ఉంది. వేలితో ఇరవైని చెరిపి వంద వేశాడు.

"ఇదిగో. అయిపోయింది. చోటు కూడా పట్టలేదు చూడు. వందక్షరాల పేరు ఎవడికుంటుంది? కృష్ణమోహన్‌కి నేను చెబుతాలే, ఇలా మార్చుకోమని."

"గట్ల కాదు సార్, వంద అయినా..."

ఈలోగా తలుపు తెరిచారు. కుర్చీల కోసం పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చారు. మానసను కూడా కొత్త అడ్మిషన్ అనుకుని ఒకడు "అక్కా, జర జరుగు" అన్నాడు. ఆమె జరిగి, వరండాలోకి వచ్చి, మెట్లు దిగింది.

రఘురామ్ సార్‌ను దుర్మార్గుడు అనేస్తే కథ సులువవుతుంది. కాదు. ఎవరి దగ్గరా అబద్ధం చెప్పి ఎరుగడు. బోర్డు ఎంత పొడుగో అంత నిజం చెప్పేవాడు. మిగతాది పిల్లలే ఎక్కడో నేర్చుకుంటారని అనుకునేవాడు. పిల్లలు కంపెనీలో నేర్పుతారని అనుకునేవారు. కంపెనీవాళ్ళు అమీర్‌పేటలో నేర్పే ఉంటారని అనుకునేవారు. ఇలా ఎవరికి వాళ్ళు అనుకుంటూ సర్వర్లను ఊరి మీదికి వదిలారు.

ఇంట్లో రాజనర్సయ్య డ్యూటీకి పోవడానికి చొక్కా వేసుకుంటున్నాడు. కూతురి ముఖం చూసి ఆగాడు.

"ఏమైందే? గట్లున్నవేంది?"

చెప్పింది. గదులు, అక్షరాలు అతనికి ఎక్కలేదు. రాజీనామా మాట మాత్రం వెంటనే ఎక్కింది.

"సంతకం వెట్టినవా?"

"ఇంకా లేదు బాపూ."

"వెట్టకు. మా ఫ్యాక్టరీల గిదే జేసిండ్రు. మిషను నువ్వే ఖరాబు జేసినవు, నా అంతల నేనే పోతున్నా అని రాసియ్యి, మంచిగ జూస్తం అన్నరు. రాసిచ్చినోళ్ళు రోడ్డు మీద వడ్డరు. మేం కొంతమందిమి ఇయ్యలే. ఏం తప్పు జేసినమో కాయితం మీద రాసియ్యి, ఛార్జిషీటు ఇయ్యి అన్నం. ఛార్జిషీటు ఇస్తె ఎంక్వయిరీ వెట్టాలె. ఎంక్వయిరీల అందరి ముందట అడగొచ్చు. గదే గావాలె మనకు."

"గవి ఫ్యాక్టరీ ముచ్చట్లు బాపూ. మా దగ్గర యూనియను లేదు, ఏం లేదు. నవ్వుతరు."

"నవ్వనియ్యి. కుర్చీల కూసుంటే కూలోడు గాడా? అడిగితె ఏం వోతది?"

సోమవారం మానస కృష్ణమోహన్ టేబులు మీద ఒక కాయితం పెట్టింది. అది రాజీనామా కాదు. నా మీద ఆరోపణ ఏమిటో రాసి ఇవ్వండి, అందరి ముందూ విచారణ జరపండి, క్లయింటును కూడా పిలవండి అని ఉంది. అక్కడ పెట్టకముందే చూసింది పక్క సీటు తారక్. అతను కోనసీమవాడు, నోరు ఆగదు.

"ఛార్జిషీటా? ఏంటి మానసా, ఇదేమన్నా ఆర్టీసీ డిపోనా?"

"డిపోలనన్నా అడుగుతరు తారక్. మనమే అడుగుతలేం."

కృష్ణమోహన్ కూడా చదివి నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఛాయాదేవి ఎలాగూ వస్తానంది. ఆమె ఎదుటే తప్పు చూపించి, సరైనదేదో రాసి చూపిస్తే కంపెనీ గట్టిదన్న పేరు వస్తుంది, ఈ పిల్ల నోరూ మూతపడుతుంది అని లెక్క వేసుకున్నాడు. "సరే, పెడదాం నీ ఎంక్వయిరీ" అన్నాడు.

హాలులో కుర్చీలు గుండ్రంగా వేశారు. ఛాయాదేవి యాభై దాటిన మనిషి. వచ్చింది, మంచినీళ్ళు వద్దంది, కూర్చుంది.

"చిన్న పొరపాటు మేడమ్" అని మొదలుపెట్టాడు కృష్ణమోహన్. "పేరు రాసే చోటు చిన్నది పెట్టేసింది. అనుభవం లేక. సరైన పద్ధతేంటో మీ ముందే చూపిస్తా."

గోడకున్న తెల్లబోర్డు దగ్గరకు వెళ్ళి మార్కరు తీశాడు. ఆగకుండా రాశాడు. అతను రాశాడనడం కంటే చెయ్యి రాసిందనడం సరైనది. ఆ చేతికి ఆ ప్రోగ్రాము ఎనిమిదేళ్ళుగా తెలుసు. సార్ రాసినంత పెద్ద అక్షరాలు, సార్ వదిలినంత ఖాళీ. పేరు దగ్గర మాత్రం వంద వేసి కింద గీత గీశాడు. బోర్డు అంచు దాకా నిండింది.

"అదండీ. ఇరవైని వంద చేశాం. మా గురువుగారితో కూడా మాట్లాడా. ఇంక సమస్యే ఉండదు."

తారక్ తలూపాడు. మిగిలిన ఇద్దరూ ఊపారు. అందరికీ తెలిసిన ప్రోగ్రామే కదా.

మానస లేచి నిలబడింది. "సార్, ఒక డౌట్. నూట ఒకటో అక్షరం కొడితే ఏమైతది?"

"వందక్షరాల పేరు ఎవరికుంటుందమ్మా? మా మేనమామ పేరే మా జిల్లాలో పొడుగు. ఇంటిపేరు, ఊరిపేరు, తాతల పేర్లు అన్నీ కలిపినా నలభై దాటదు."

అందరూ నవ్వారు. ఛాయాదేవి నవ్వలేదు.

"గిది చేసింది పొడుగు పేరున్నోడు గాదు సార్. ఇరవై పిచ్చక్షరాలు కొట్టినోడు వంద కొట్టలేడా? వాని వేలు నొస్తదా?"

నవ్వు ఆగిపోయింది. కృష్ణమోహన్ బోర్డు వైపు తిరిగాడు. పై నుంచి కిందికి చూశాడు, కింది నుంచి పైకి చూశాడు. ఏదో లేదని తెలుస్తోంది. ఏది లేదో కనపడటం లేదు. ఎంత చూసినా బోర్డు నిండుగానే ఉంది.

"ఏం రాయాలో నువ్వే రాయి మరి" అన్నాడు, మార్కరు చాపుతూ.

మానస బోర్డు దగ్గరకు వచ్చింది. అడుగున వేలెడు చోటు లేదు. "ఏం తుడవాలె సార్?" అని అడిగింది. ఏదీ తుడవడానికి లేదు, ఉన్నవన్నీ కావలసినవే. ఆమె ఒక్క క్షణం చూసి, వంగి, బోర్డు చట్రం కింద సున్నం గోడ మీద ఆ రెండు లైన్లు రాసేసింది.

"అయ్యో, గోడ! ఓనరు చంపుతాడమ్మా!" అన్నాడు కృష్ణమోహన్.

ఛాయాదేవి లేచి దగ్గరకు వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని బోర్డునూ గోడనూ మార్చి మార్చి చూసింది. "అంటే... బోర్డు నిండిపోతే రాత గోడ మీదికి దిగినట్టు, పేరు నిండిపోయి మా రిపోర్టు నెంబరు మీదికి దిగిందా?"

"అంతే మేడమ్. ఆపేటోళ్ళు లేకుంటే పోతనే ఉంటది."

"ఆపేవి ఇవేనా, ఈ గోడ మీద రాసినవి?"

"ఇవే."

"వీటిని ఎవరూ రాయరా?"

తారక్ తన బూట్లు చూసుకున్నాడు. మిగిలిన ఇద్దరూ తారక్ బూట్లే చూశారు.

"కృష్ణమోహన్ గారూ" అంది ఛాయాదేవి. గొంతు పెంచలేదు. "సరైన పద్ధతి అని ఇప్పుడు నా ఎదురుగా మీరు రాసినదాంట్లో కూడా ఇవి లేవు కదండీ. మరి విచారణ ఈ అమ్మాయి మీదేంటి? ఆ సుమశ్రీ నా బల్ల ముందు నిలబడి, నా రక్తం మీకేం అన్యాయం చేసిందండీ అని అడిగింది. ఇరవైని వంద చేశాం తల్లీ, ఇంటికెళ్ళు అని చెప్పమంటారా?"

"రాసింది తనే కదండీ మేడమ్..."

"అవును, రాసింది నేనే" అంది మానస. "కాదంటలేను. ఇరవై దాటితే ఎట్ల అని నేను ఒక్కసారన్నా ఆలోచన చెయ్యాల్సింది, చెయ్యలే. గది రాయుండ్రి. సరిచూసిందెవరో గది గూడ రాయుండ్రి. రెండు పేర్లూ ఉంటే నేను సంతకం పెడతా. ఒక్క పేరుంటే పెట్ట."

"ఇది సనత్‌నగర్ ఫ్యాక్టరీ కాదమ్మా."

"అవును సార్. సనత్‌నగర్ల అయితే గింతసేపు పట్టదు."

ఛాయాదేవి మళ్ళీ కూర్చోలేదు. బ్యాగు భుజాన వేసుకుని నిలబడే ఉంది. ఆమె నిలబడి ఉండటం కృష్ణమోహన్‌కి అన్నిటికంటే ఇబ్బందిగా ఉంది. కంపెనీ కాయితం తీసి రాశాడు: ప్రోగ్రాము రాసినది మానస, సరిచూసి పంపినది కృష్ణమోహన్, పొడవు కొలిచే భాగం ఇద్దరూ విడిచిపెట్టారు. కింద సంతకం చేశాడు. మానస చదువుకుని చేసింది. రాజీనామా సంగతి ఎవరూ ఎత్తలేదు. పేజీలన్నీ ఈ అమ్మాయి చూసి సరేనన్నాకే ల్యాబు వాటిని మళ్ళీ తెరుస్తుంది అని చెప్పి ఛాయాదేవి మెట్లు దిగిపోయింది.

సుమశ్రీకి ఆ సినిమాలో వేషం తిరిగి రాలేదు. అక్కడ విచారణలు ఉండవు. అమీర్‌పేటలో డెమో బాగా జరిగిందట. సార్ కొత్తగా వంద పెడుతున్నాడని, సబ్జెక్టు అప్‌డేట్ చేశాడని పిల్లలు చెప్పుకున్నారట.

కృష్ణమోహన్ బెడ్‌రూములోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఉద్యోగం పోలేదని తండ్రికి చెప్పడానికి షెడ్డు పక్క కిరాణా కొట్టుకు ఫోను చేయాలి. మానస రిసీవరు అందుకుంటుంటే తారక్ కుర్చీతో సహా జరిగి పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"మానసా, నాది కూడా ఓసారి చూడవా? ఆ చిట్‌ఫండ్ వాళ్ళ పేజీ. నేనూ అలాగే దించేశా."

"పేరుకు ఎంత పెట్టినవు?"

"పది."

మానస రిసీవరు పెట్టేసింది. "లే" అంది. తారక్ లేచాడు. ఆమె అతని సీట్లో కూర్చుని ప్రోగ్రాము తెరిచి, పైనుంచి చదవడం మొదలుపెట్టింది.